నాలుగు ఫోన్లు, నాలుగు పౌచ్‌లు: గట్టు కొలిచి గ్లాస్ వేసిన డైరీ

ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లకీ పౌచ్, టెంపర్డ్ గ్లాస్ సరిగ్గా అమర్చడం ఈ పని. షాపుకెళ్తే పది నిమిషాల్లో అయిపోయేదానికి డైరీ ఎందుకంటారేమో. షాపులో వేసిన గ్లాస్ వారం తిరక్కుండానే అంచుల్లో లేచిపోతోంది, మూడొందల యాభై పెట్టి కొన్న పౌచ్ ఉండగానే తెలిసినవాళ్ల స్క్రీన్ పగిలింది, ఎందుకని అడిగితే షాపువాడు "ఇంకా మంచి గ్లాస్ ఉందన్నా" అంటాడు తప్ప కారణం చెప్పడు. అందుకే కొలతలు తీసి చేద్దామనుకున్నా. ఎక్కడ డబ్బు దండగైందో తెలియడానికి ప్రతి దశ చివరా లెక్క రాశాను.

ఫోన్లు ఇవి:

1. నాన్నది. 6.7 అంగుళాల ఫ్లాట్ ఎల్‌సీడీ, ప్లాస్టిక్ వెనక, 198 గ్రాములు. నరసరావుపేట దగ్గర మిరప చేలో, చొక్కా జేబులో తిరుగుతుంది.
2. అమ్మది. రెండు పక్కలా వంపు తిరిగిన అమోలెడ్ స్క్రీన్, వేలిముద్ర సెన్సర్ స్క్రీన్ కిందే. ఎక్కువగా వంటింట్లో ఉంటుంది.
3. తమ్ముడిది. హైదరాబాద్‌లో డెలివరీ పని, రోజంతా బండి హ్యాండిల్ మీద హోల్డర్‌లో.
4. నాది. ఆఫీసు, జేబు, వైర్‌లెస్ ఛార్జర్. నాలుగింట్లో కష్టం తక్కువ పడేది ఇదే.

దశ 1: పనిముట్లు

డిజిటల్ వెర్నియర్ (దవడల మధ్య పెట్టి మందం కొలిచేది), ప్లాస్టిక్‌ది, 260. ఇది 0.1 మి.మీ. వరకు నమ్మొచ్చు, ఆ తర్వాతి అంకెని పట్టించుకోను. బండి మెకానిక్‌లు ట్యాపెట్ గ్యాప్ చూడ్డానికి వాడే ఫీలర్ గేజ్, 120. ఈ పనిలో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 95, మైక్రోఫైబర్ గుడ్డలు 75. వంటింటి డిజిటల్ తూకం ఇంట్లోనే ఉంది. రిపేరు షాపులో డిస్‌ప్లే చచ్చిపోయి, పై అద్దం మాత్రం చెక్కుచెదరని పాత ఫోన్ ఒకటి 150కి ఇచ్చాడు, దీన్ని ఇక నుంచి డమ్మీ అంటాను.

ఫీలర్ గేజ్ లేకపోతే మామూలు జిరాక్స్ కాగితం చాలు. 75 జీఎస్‌ఎం కాగితం ఒకటి ఇంచుమించు 0.1 మి.మీ. మందం ఉంటుంది. పది కాగితాలు కలిపి వెర్నియర్‌లో పెట్టి సరిచూసుకుంటే ఇంకా నమ్మకం.

ఈ దశకి 700. మొత్తం: రూ. 700.

దశ 2: గట్టు ఎంత ఉంది?

పౌచ్ అంచు స్క్రీన్ కంటే పైకి లేచి ఉండే భాగాన్ని గట్టు అని రాస్తున్నా. ఫోన్ బోర్లా పడితే ముందు నేలకి తగలాల్సింది ఈ గట్టే, స్క్రీన్ కాదు. పౌచ్ అట్ట మీద బరువు, రంగు, "మిలిటరీ గ్రేడ్" అన్నీ రాస్తారు గానీ గట్టు ఎత్తు రాసేవాళ్లు తక్కువ.

కొలిచే పద్ధతి:

1. పౌచ్ తొడిగిన ఫోన్ మీద, స్క్రీన్‌కి అడ్డంగా స్టీల్ స్కేలు నిలబెట్టి ఆనించాలి.
2. స్కేలుకీ స్క్రీన్‌కీ మధ్య సందులో ఫీలర్ గేజ్ రేకులు (లేదా కాగితాలు) ఒక్కొక్కటిగా దూర్చాలి.
3. బిగుతుగా దూరిన మందమే గట్టు ఎత్తు.
4. నాలుగు మూలల్లోనూ, పొడుగు అంచుల మధ్యలోనూ విడివిడిగా తీయాలి.

డమ్మీ మోడల్‌కి దొరికిన నాలుగు రకాల పౌచ్‌లు కొన్నా. మూలల్లో కొలతలు ఇలా వచ్చాయి:

పల్చటి ట్రాన్స్‌పరెంట్ టీపీయూ, అంటే రబ్బరులా వంగే ప్లాస్టిక్ (80 రూపాయలు, 18 గ్రా.): 0.5 మి.మీ.
మూలల్లో గాలి ఖాళీ ఉన్న టీపీయూ (150, 31 గ్రా.): 1.1 మి.మీ.
గట్టి ప్లాస్టిక్, అంటే పాలీకార్బనేట్ (120, 22 గ్రా.): గట్టే లేదు, అంచుతో సమానం.
రెండు పొరల ఆర్మర్ (350, 62 గ్రా.): 1.6 మి.మీ.

తర్వాత డమ్మీకి గ్లాస్ అతికించి మళ్లీ కొలిచాను. అట్ట మీద 0.33 అని ఉన్న గ్లాస్ జిగురుతో కలిపి 0.48 వచ్చింది. అంటే పల్చటి పౌచ్ 0.5 గట్టులో 0.48 గ్లాసే తినేసింది, మిగిలింది సున్నా కిందే లెక్క. మన చుట్టూ ఎక్కువమంది వాడేది సరిగ్గా ఈ జోడీయే, 80 రూపాయల ట్రాన్స్‌పరెంట్ పౌచ్ ప్లస్ నూరు రూపాయల గ్లాస్. విడివిడిగా రెండూ పనికొచ్చేవే, కలిపితే ఒకదాని పని ఇంకోటి చెడగొడుతోంది, బోర్లా పడితే గ్లాసే నేలకి కొట్టుకుంటుంది.

ఇంకో సంగతి, గాలి ఖాళీ పౌచ్‌కి మూలల్లో 1.1 ఉన్నా పొడుగు అంచు మధ్యలో 0.7 మాత్రమే ఉంది. పక్క నుంచి స్వైప్ చేసేటప్పుడు వేలికి గుచ్చుకోకుండా తగ్గిస్తారు. కాబట్టి షాపులో మూల మాత్రం చూసి కొనొద్దు.

ఇక్కడి నుంచి నేను పెట్టుకున్న కొలత: గ్లాస్ వేశాక కూడా అంచు మధ్యలో కనీసం 0.6 మిగలాలి. వరుస కూడా మార్చాను. ఇదివరకు గ్లాస్ వేయించి, దానిమీద ఏదో ఒక పౌచ్ తొడిగేవాళ్లం. ఇప్పుడు ముందు పౌచ్, దాని గట్టు చూశాక గ్లాస్.

దశ 3: డమ్మీని పడేయడం

మూడు నేలలు తీసుకున్నా: మేడ మీద తాండూరు బండ, హాల్లో విట్రిఫైడ్ టైల్, ఇంటి ముందు సీసీ రోడ్డు. మూడు ఎత్తులు: 75 సెం.మీ. (టేబుల్), 100 (జేబు), 150 (చెవి దగ్గర).

నేలకి ఏది తగిలిందో తెలియాలంటే గుర్తు పడాలి. మొదట బండ మీద ముగ్గుపిండి చల్లాం, గుర్తులు బాగానే పడ్డాయి గానీ తుడిచేసరికి గ్లాస్ మీద సన్నగీతలు కనిపించాయి. ముగ్గుపిండి రాయి పొడి, అందులో గాజుని గీసే రేణువులు కూడా ఉండొచ్చు. దాన్ని ఊడ్చేసి టాల్కం పౌడర్ వాడాం. మోస్ కాఠిన్య స్కేలులో టాల్క్ 1, అన్నిటికంటే మెత్తనిది, దేన్నీ గీయలేదు.

తాండూరు బండ మీద బోర్లా పడేస్తే పల్చటి పౌచ్‌లో గ్లాస్ నిండా పౌడర్ అంటింది. ఆర్మర్‌లో గట్టుకి మాత్రమే అంటింది, స్క్రీన్ మీద ఒక్క చుక్క లేదు. గాలి ఖాళీ పౌచ్‌లో మూలలు శుభ్రంగా ఉన్నాయి, పొడుగు అంచుల మధ్యలో సన్నగా ఒక చార. అక్కడ మిగిలిన గట్టు 0.22 కదా, పడ్డప్పుడు ఫోనూ కొంచెం వంగుతుంది, ఆ కాస్తా సరిపోలేదు.

సీసీ రోడ్డు మీద కథ మారింది. సిమెంటు అరిగిపోయి కంకర మొనలు రెండు మూడు మి.మీ. పైకి తేలి ఉన్నాయి. 1.6 గట్టు ఉన్న ఆర్మర్ తొడిగినా మొన నేరుగా గ్లాస్ మధ్యలో పొడిచి పగలగొట్టింది. కిందున్న ఫోన్ అద్దం బాగానే ఉంది. గట్టు నున్నటి నేల కోసం, గ్లాస్ కంకర కోసం, ఇలా పని పంచుకుంటున్నాయని నాకు అప్పుడు అర్థమైంది. ఫోన్ ఏ నేల మీద ఎక్కువ పడుతుందో చూసి డబ్బు దేనిమీద పెట్టాలో తేల్చుకోవచ్చు.

ఒక నిజం కూడా చెప్పాలి. గ్లాస్ పగిలిందంటే ఫోన్‌ని కాపాడినట్టే అని అందరం అనుకుంటాం. టైల్ మీద 75 సెం.మీ. నుంచి పడినప్పుడు గ్లాస్ మూల చిట్లింది. గ్లాస్ తీసేసి అదే ఎత్తు నుంచి అదే మూల మీద పడేస్తే ఫోన్ అద్దానికి ఏమీ కాలేదు. ప్రొటెక్టర్ పల్చన, దాని అంచులు బలహీనం, స్క్రీన్ తట్టుకునే దెబ్బకి కూడా అది పగులుతుంది. కంకర మొన దగ్గర దాని విలువ నిజమే, మూల మీద పడ్డప్పుడు మాత్రం ఎక్కువ భాగం పౌచ్ పనే.

మూల లెక్క: 1 మీటరు నుంచి పడితే నేల తాకేసరికి వేగం సెకనుకి 4.4 మీటర్లు, అంటే గంటకి 16 కి.మీ. అంత వేగం ఎంత దూరంలో ఆగితే అంత దెబ్బ. ఎత్తుని ఆగిన దూరంతో భాగిస్తే సగటున గురుత్వానికి ఎన్ని రెట్లో వచ్చేస్తుంది. వెర్నియర్ దవడల మధ్య మూలని గట్టిగా నొక్కి చూస్తే పల్చటి టీపీయూ 0.6 మి.మీ. అణిగింది, గాలి ఖాళీ మూల 2 మి.మీ. అణిగింది. 1000 బై 0.6 అంటే సుమారు 1,670 రెట్లు, 1000 బై 2 అంటే 500 రెట్లు. 200 గ్రాముల ఫోన్‌కి మొదటిది 330 కిలోల బరువు పడినంత, రెండోది 100 కిలోలు. పడేటప్పుడు అణిగేది చేత్తో నొక్కినంతే ఉండదు కాబట్టి ఈ అంకెలు ఉజ్జాయింపు, కానీ తేడా ఎంతో తెలుస్తోంది. గట్టి ప్లాస్టిక్ పౌచ్ అసలు అణగలేదు, అందం కోసం తప్ప దేనికీ పనికిరాదని పక్కన పడేశాం.

స్లో మోషన్ వీడియోతో ఈ దూరం కొలవచ్చని తమ్ముడు అన్నాడు. 240 ఫ్రేముల్లో తీస్తే 1 మీటరు పడటానికి 108 ఫ్రేములు వచ్చాయి, నేలకి తగిలి లేవడం మాత్రం ఒకటి రెండు ఫ్రేముల్లో అయిపోయింది. కొలతకి పనికిరాలేదు. ఒకటి మాత్రం తేలింది: చేతి నుంచి జారినట్టు వదిలితే ఫోన్ తిరుగుతూ పడి, చాలావరకు మూల మీదే ముందు తగులుతుంది.

"మిలిటరీ గ్రేడ్" గురించి రెండు మాటలు. అది అమెరికా సైన్యం రాసుకున్న మిల్-ఎస్‌టీడీ-810 అనే పరీక్షా పద్ధతి. చాలామంది చెప్పే డ్రాప్ టెస్టులో 122 సెం.మీ. ఎత్తు నుంచి 26 సార్లు వేస్తారు: 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. ఆ 26నీ ఐదు నమూనాల వరకు పంచుకోవచ్చు, పడేది కూడా కాంక్రీట్ మీద పరిచిన రెండు అంగుళాల ప్లైవుడ్ మీద. సైన్యమేమీ పౌచ్‌లకి సర్టిఫికెట్ ఇవ్వదు, కంపెనీ తనే పరీక్షించుకుని తనే రాసుకుంటుంది. మా ఇంటి ముందు రోడ్డు మీద ప్లైవుడ్ లేదు.

పౌచ్‌లు 700, పాత మోడల్ గ్లాసుల కట్ట 150. మొత్తం: రూ. 1,550.

దశ 4: 9హెచ్, 11డి, సూపర్‌డి

షాపులో గ్లాస్ మీద తాళంచెవితో బరబరా గీసి "చూడన్నా, గీత పడలేదు" అని చూపిస్తారు. గీసి చూపించాల్సిన అవసరమే లేదు, స్టీలు చాలావరకు గాజు కంటే మెత్తన, గ్లాస్ వేయని ఫోన్ అద్దం మీద కూడా పడదు. 9హెచ్ అన్నది పెన్సిల్ కాఠిన్యం. అంటే 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని, అంతే. మోస్ స్కేలులో 9 (అది నీలం, కెంపు రాళ్ల స్థాయి) అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. గాజు మోస్‌లో ఐదున్నర, ఆరున్నర మధ్య. ఇసుకలోని క్వార్ట్జ్ 7. అందుకే తాళంచెవి చేయలేని పని జేబులోని ఇసుక రేణువు చేస్తుంది. ఏటి ఇసుక చిటికెడు తీసుకుని బొటనవేలితో రుద్ది చూశాను, 50 రూపాయల గ్లాస్ మీదా 300 రూపాయల దాని మీదా గీతలు ఒకేలా పడ్డాయి.

గీత కేవలం అందం సమస్య కాదు. ఈ గ్లాసుల్ని సుమారు 400 డిగ్రీల దగ్గర కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు, గాజులోని చిన్న సోడియం అయాన్లు పోయి వాటి చోట పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి, దాంతో పైపొర బిగుసుకుని పగులు మొదలవకుండా ఆపుతుంది. ఆ పొర లోతు మైక్రాన్లలోనే. లోతైన గీత దాన్ని దాటితే తర్వాతి చిన్న దెబ్బకే గ్లాస్ పోతుంది. అందుకే గోటికి తగిలేంత గీత పడితే, పగలకపోయినా మార్చేస్తున్నా.

11డి, 21డి లాంటి అంకెలకి ఏ ప్రమాణమూ లేదు. అంచు వంపుకి, నల్ల బోర్డర్‌కి షాపులు పెట్టుకున్న పేర్లు. అడగాల్సింది రెండే: జిగురు స్క్రీన్ మొత్తానికి ఉందా, అంచులకి మాత్రమేనా? స్క్రీన్ కంటే ఎంత చిన్నది? అంచు జిగురు రకంలో మధ్యలో గాలి పొర ఉండి టచ్ మొద్దుబారుతుంది. చుట్టూ అర మి.మీ. నుంచి ఒక మి.మీ. చిన్నగా ఉంటే పౌచ్ అంచు దాన్ని ఎత్తదు. వారానికే లేచిపోయిన మా పాత గ్లాసుల జబ్బు ఇదే.

దశ 5: గ్లాస్ వేసే పద్ధతి

ఫ్లాట్ స్క్రీన్ ఫోన్లు మూడింటికీ ఇదే పద్ధతి.

1. బాత్రూమ్‌లో గీజర్ వేడినీళ్లు రెండు నిమిషాలు వదిలి ఆపేయాలి. ఆవిరితో గాల్లో దుమ్ము కిందికి దిగుతుంది. ఫ్యాన్, ఎగ్జాస్ట్ వేయొద్దు.
2. పౌచ్ ముందే తొడిగి ఉంచాలి. దాని గట్టే గ్లాస్‌కి హద్దు, పక్కకి జరిగే అవకాశం ఉండదు.
3. ఆల్కహాల్ గుడ్డకి పూసి (స్క్రీన్ మీద పోయకూడదు) తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి.
4. దుమ్ము తీసే స్టిక్కర్‌ని ఒకే దిక్కున అతికిస్తూ తీస్తూ పోవాలి. టార్చ్ పక్క నుంచి అడ్డంగా వేస్తే రేణువు కనిపిస్తుంది, పై నుంచి వేస్తే కనిపించదు.
5. జిగురు కాగితం తీయకముందే గ్లాస్‌ని సరిగ్గా కూర్చోబెట్టి, ఒక పొడుగు అంచుకి రెండు టేపు ముక్కలు తలుపు బందుల్లా వేయాలి. తర్వాత తెరిచి, కాగితం తీసి, మూయాలి.
6. నొక్కొద్దు. మధ్యలో ఒక్కసారి వేలు ఆనిస్తే జిగురు దానంతటదే పాకుతుంది.
7. చుక్క మిగిలితే అది గాలో దుమ్మో చూడాలి. గోటితో తోస్తే కదిలేది గాలి, ఒక రోజులో పోతుంది. కదలనిది దుమ్ము, ఆ మూల టేపుతో ఎత్తి ఇంకో టేపుతో రేణువు తీయాలి.
8. ఒక కాల్ చేసి చెవి దగ్గర పెట్టి తీయాలి. స్క్రీన్ నల్లగానే ఉండిపోతే ప్రాక్సిమిటీ సెన్సర్ మీదికి గ్లాస్ అంచో జిగురో వచ్చినట్టు.
9. సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ లేదా గ్లోవ్ మోడ్ ఉంటే ఆన్ చేసి చూడాలి.

దశ 6: నాన్న ఫోన్

ఆర్మర్ పౌచ్ 320, గ్లాసులు మూడు 150 (పొలంలో గ్లాస్ ఎక్కువ రోజులు ఉండదని తెలుసు కాబట్టి విడిగా దాచాం). గ్లాస్ వేశాక గట్టు 1.1 మిగిలింది. ఛార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉంది, మిరపకోత రోజుల్లో మైక్ రంధ్రంలోకి దుమ్ము పోకుండా ఇది మేలే. మూత కింద మాత్రం మట్టి పేరుకుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో తీయాలి.

పౌచ్ ఇంత గట్టిదైనా ఫోన్ పడటం ఆగలేదు. బోరు స్టార్టర్ దగ్గర వంగినప్పుడల్లా చొక్కా జేబులోంచి జారుతోంది. జేబు లోతు కొలిస్తే 130 మి.మీ., పౌచ్‌తో ఫోన్ పొడవు 171. నాలుగు సెంటీమీటర్లు బయటికే ఉంటుంది, పైగా ఇప్పుడు 62 గ్రాముల బరువు కలిసింది. మెడలో వేసుకునే దారం కొందామంటే నాన్న ఒప్పుకోలేదు. "మోటారు బెల్టు పక్కన మెడలో తాడేసుకుని తిరగమంటావంట్రా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దర్జీ దగ్గర రెండు పని చొక్కాలకి జేబు లోతు 180 చేయించి పైన గుండీ పెట్టించాం, 40 రూపాయలు. పౌచ్‌లూ గ్లాసులూ అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఈ 40 రూపాయలే. తాళాలు, చిల్లర రెండో జేబులోకి మారాయి.

ఎండాకాలంలో ఇంకో తలనొప్పి. రెంటచింతల ఉన్న జిల్లానే మాది, ఎండ సంగతి చెప్పక్కర్లేదు. చెట్టు నీడలో ఇరవై నిమిషాలు వీడియో కాల్ మాట్లాడితే బ్యాటరీ ఉష్ణోగ్రత ఆర్మర్‌తో 44, పౌచ్ తీసేసి అంతే సేపు మాట్లాడితే 40. రెండు పొరల పౌచ్ దుప్పటి లాంటిది, వేడి బయటికి పోనివ్వదు. ఆపిల్ తన ఫోన్లకి చెప్పే లెక్క ప్రకారం చుట్టుపక్కల వేడి 35 డిగ్రీల లోపే ఉండాలి. నాన్నకి చెప్పింది ఒకటే: ఛార్జింగ్ పెట్టేటప్పుడు పౌచ్ తీసేయ్, మధ్యాహ్నం చేలో ఛార్జింగ్ పెట్టొద్దు. మొదటిది చేస్తున్నారు.

ఈ దశకి 510. మొత్తం: రూ. 2,060.

దశ 7: అమ్మ ఫోన్

డబ్బూ టెన్షనూ ఎక్కువ తిన్నది ఇదే. వంపు స్క్రీన్‌కి మామూలు గ్లాస్ కూర్చోదు, పక్కల్లో గాలి ఉండిపోతుంది. షాపులో యూవీ గ్లాస్ వేయించాం, 350. స్క్రీన్ మీద నీళ్లలాంటి జిగురు పోసి, వంపు గ్లాస్ పెట్టి, నీలం లైటు కింద గట్టిపరుస్తారు. చూడ్డానికి అద్భుతంగా ఉంది, వేలిముద్ర కూడా వెంటనే పట్టింది. ఇంటికొచ్చాక అమ్మకి అవతలివాళ్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. గట్టిపడక ముందే జిగురు ఇయర్‌పీస్ జాలీలోకి పాకింది. జాలీ, బటన్ల సందులు ముందే టేపుతో మూసి చేయాల్సిన పని అది, అక్కడ మూయలేదు.

తీసిన వరుస:

1. హెయిర్ డ్రైయర్ తక్కువ వేడి మీద ఒక మూల గోరువెచ్చగా చేశాం.
2. పాత ఏటీఎం కార్డుని దూర్చి, చాలా మెల్లగా ఎత్తాం. లోహపు బ్లేడ్ వాడొద్దు, వంపు అంచు అక్కడే చిట్లుతుంది.
3. మిగిలిన జిగురుని ఆల్కహాల్ గుడ్డతో నానబెట్టి తుడిచాం.
4. జాలీలో గట్టిపడింది ఇంట్లో రాలేదు. రిపేరు షాపులో శుభ్రం చేయడానికి 300.

జిగురు గ్లాస్ వల్ల లోపలికి కారి పాడైతే వారంటీ వర్తించదని కొన్ని ఫోన్ కంపెనీలు ముందే చెప్తున్నాయి. ఈ జిగురు ఫోన్ లోపలికే పోతే ఆ ఫోన్ డిస్‌ప్లే మార్చడానికి మాకు చెప్పిన ధర 9,500.

దాని బదులు హైడ్రోజెల్ ఫిల్మ్ వేయించాం, ప్లాటర్ మెషీన్ మీద మోడల్‌కి తగ్గట్టు కోసి ఇచ్చేది, 280. మెత్తటి టీపీయూ పొర, వంపు మీద చక్కగా పడుకుంటుంది. దీనితో లాభనష్టాలు ఉన్నదున్నట్టు చెప్తాను. సన్నగీతలు ఒకట్రెండు రోజుల్లో వాటంతటవే మాసిపోతాయి. దెబ్బని ఆపదు, కంకర మొనకి ఇది లెక్కే కాదు. గోరు గట్టిగా గుచ్చితే గుంట పడుతుంది. నూనె చేతుల మరకలు గాజు మీద కంటే ఎక్కువ కనిపిస్తాయి. అయితే అమ్మ ఫోన్ పడేది వంటింటి గ్రానైట్ గట్టు మీద నుంచి టైల్ మీదికి, కంకర మీద కాదు. కాబట్టి ఇక్కడ పని చేయాల్సింది పౌచ్. ఫిల్మ్ మందం 0.2 లోపే, గాలి ఖాళీ పౌచ్ (160) గట్టులో దాదాపు మొత్తం మిగిలింది. వంపు అంచు పక్కకి పొడుచుకొస్తుంది కాబట్టి, పౌచ్ అంచు ఆ వంపుని పక్క నుంచి కూడా కప్పుతోందా అని టార్చ్ వేసి చూసి కొన్నాం.

స్క్రీన్ కింద వేలిముద్ర ఉన్నవాళ్లు ఏ పొర వేసినా ఇది మాత్రం చేయండి: పాత వేలిముద్రలు తీసేసి, పొర మీదే కొత్తగా నమోదు చేసి, తర్వాత ఇంట్లో ఇంకొకరి వేలు పెట్టించి చూడండి. 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10కి కొన్ని సిలికాన్ కవర్లు వేస్తే ఎవరి వేలు పెట్టినా తెరుచుకునేది, కవర్ మీది నమూనానే సెన్సర్ వేలిముద్ర అనుకుంది. ఆ అక్టోబర్‌లో కంపెనీ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అమ్మ ఫోన్‌కి నా వేలు, తమ్ముడి వేలు పెట్టి చూశాం, తెరుచుకోలేదు.

ఈ దశకి 1,090, అందులో 650 దండగ. మొత్తం: రూ. 3,150.

దశ 8: తమ్ముడి ఫోన్

వీడి ఫోన్‌కి పడటం కంటే ఊగడం ప్రమాదం. బండి ఇంజిన్ వణుకుడు హ్యాండిల్ మీది ఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ భాగాల్ని దెబ్బతీయొచ్చని ఆపిల్ 2021లో తన సపోర్ట్ పేజీలో రాసింది. వీడిది వేరే కంపెనీ, కానీ కెమెరాలో అదే రకం ఏర్పాటు ఉంది. వణుకు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్‌కి మారాం, 480.

పౌచ్ 220ది, గాలి ఖాళీ రకం. మొదట ఆర్మర్ తొడిగి చూశాం. 76 మి.మీ. వెడల్పు ఫోన్ 83 అయింది, హోల్డర్ పంజా సరిగ్గా పవర్ బటన్ మీద పడి నావిగేషన్ మధ్యలో స్క్రీన్ ఆరిపోయింది. అందుకే ఈ గాలి ఖాళీ పౌచ్‌కి మారి, ఫోన్‌ని అర అంగుళం పైకి జరిపితే సరిపోయింది. గ్లాస్ 100.

వానకి జిప్ పౌచ్ 60. లోపల ఆవిరి పట్టి మసకబారుతుంది, టచ్ సరిగా పనిచేయదు. ఐపీ68 (నీళ్లని తట్టుకునే రేటింగ్) ఉంది కదా అని వదిలేద్దామా అన్నాడు. ఆ పరీక్ష మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద చేసేది, కింద పడిపడి ఉన్న ఫోన్‌కి ఆ నమ్మకం లేదు. పౌచ్ పెట్టుకుంటున్నాడు, విసుక్కుంటూనే.

ఈ దశకి 860. మొత్తం: రూ. 4,010.

దశ 9: నాది, వారం వారం పని

పౌచ్ 200, గ్లాస్ 100. కారు హోల్డర్ కోసం పౌచ్‌లో ఇనుప రేకు పెట్టి చూశాను, వైర్‌లెస్ ఛార్జింగ్ ఆగిపోయి రేకు వేడెక్కింది, తీసేశాను. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ట్రాన్స్‌పరెంట్ పౌచ్ పసుపెక్కడం గురించి అమ్మ వంటసోడా, నిమ్మకాయ అన్నీ ప్రయత్నించింది. మురికి పోయింది, పసుపు పోలేదు. ఎండకీ వేడికీ టీపీయూ లోపలే మారిపోతుంది, కడిగితే వచ్చేది కాదు. అందుకే ఇప్పుడు అందరివీ నల్లవి. పౌచ్ లోపల చేరిన ఇసుక ఫోన్ వెనక భాగాన్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది, వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి తొడుగుతున్నాం.

గట్టు కూడా అరుగుతుంది. నాన్న పౌచ్ మూలలో గ్లాస్‌తో 1.1 ఉన్నది ఇప్పుడు 0.8కి వచ్చింది, ట్రాక్టర్ డ్యాష్‌బోర్డ్ మీద బోర్లా పెట్టే అలవాటు వల్ల. 0.6 దగ్గరికి వస్తే మార్చేస్తాం.

ఈ దశకి 300. మొత్తం: రూ. 4,310. దీన్ని చూసి చేసేవాళ్లకి డమ్మీ, పరీక్ష పౌచ్‌లు, వెర్నియర్, యూవీ గ్లాస్ అక్కర్లేదు కాబట్టి నాలుగు ఫోన్లకీ 2,500 లోపే తేలాలి.

మిగిలిన పనులు: అమ్మ ఫిల్మ్ కింది మూల లేస్తోంది, పౌచ్ అంచు తోస్తోందేమో ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. నాన్న గ్లాసుల్లో ఒకటి అప్పుడే పోయింది, రెండున్నాయి. ఆర్మర్ పౌచ్ స్టాండ్ మేకు వదులైంది, అంత సన్న స్క్రూ కళ్లజోళ్ల షాపులో దొరుకుతుందేమో ఈ ఆదివారం అడగాలి.